లాండ్రీ అత్తయ్య కోసం రెండు రింగులు

ఆ రోజుల్లో నవ్వుకి కూడా ఒక వేళ ఉండేది పిల్లలూ. ఇప్పుడు మీరు సియాటిల్ దగ్గర బాతెల్‌లో పళ్లు తోముకుంటూ ఒకరు, జెర్సీ సిటీలో రైలెక్కుతూ ఒకరు, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఫోన్ నొక్కుకుని నవ్వుకుంటున్నారు. మాకలా కాదు. శనివారం సాయంత్రం ఏడింటికి నవ్వాలంటే ఏడింటికే నవ్వాలి. ఆ అరగంటలో కుక్కర్ కూసినా, ఎవరైనా తలుపు కొట్టినా, ఆ వారం నవ్వు పోయినట్టే. మళ్లీ శనివారం దాకా మామూలు మొహంతో తిరగాల్సిందే. అందుకేనేమో, ఆ నవ్వుని తీసేస్తామని ఒకాయన అన్నప్పుడు నాకంత పట్టుదల వచ్చింది. మీకు నేను గొంతు పెంచని అమ్మమ్మగా, నాన్నమ్మగా తెలుసు. (తాతయ్యని అడక్కండి, ఆయన వేరే చెప్తారు.) కానీ టెక్సాస్‌లో, ప్లేనోలో ఉండగా ఒకసారి నేను టీవీ వాళ్లతో పెట్టుకున్నాను. ఆ కథ మీ అమ్మానాన్నలు సగమే చెప్పి ఉంటారు, అదీ నన్ను వెనకేసుకొచ్చి. మిగతా సగం నేనే చెప్తాను.

అప్పటికి నాకు నలభై. నలభై ఏళ్లకి యౌవనం ఏమిటని నవ్వకండి. ఉద్యోగం మొహమే చూడని మనిషికి మొదటి ఉద్యోగం ఎప్పుడొస్తే అప్పుడే యౌవనం. తాతయ్య హెచ్ వన్ మీద వచ్చారు, ఆయన వెనక నేను డిపెండెంట్ వీసా మీద వచ్చాను. ఆ వీసాకి జీతం తీసుకోవడం కుదరదు. ఊరికే పని చేసిపెట్టడానికి మాత్రం ఎవరూ అభ్యంతరం చెప్పరు. (ఆ పని ఇంట్లో ఇరవై ఏళ్లుగా చేస్తూనే ఉన్నాను కాబట్టి అనుభవం చాలానే ఉంది.) పొద్దున్నే ఆయన ఆఫీసుకి, పిల్లలు స్కూలుకి కార్లలో మాయమైపోతే, అపార్ట్‌మెంట్‌లో నేనూ, ఏసీ చప్పుడూ మిగిలేవాళ్లం. కేబుల్ పెట్టించుకోలేదు. కిటికీలో కుందేలు చెవుల్లాంటి యాంటెనా పెడితే నాలుగు ఛానెళ్లు వచ్చేవి. అందులో ఒకటి ప్రకటనలు లేకుండా, చూసేవాళ్లు ఇచ్చే చందాలతో నడిచే ఛానెల్. అది శనివారం సాయంత్రాలు బ్రిటిష్ హాస్య నాటికలు వేసేది. అమెరికన్ ఇంగ్లీషు నాకప్పటికి సగమే అర్థమయ్యేది. బ్రిటిష్ వాళ్లది మాత్రం మా కాన్వెంట్ సిస్టర్ గొంతులాగా ఉండి, కాస్త చుట్టరికంగా తోచేది. అలా అలవాటయింది.

రెండు మూడు నెలలు చూశాక ఒక సంగతి కనిపెట్టాను. ఏ నాటికలోనైనా పెద్ద హాలు, పూలకుండీ, టీ కప్పులు ఉంటాయి. అక్కడివాళ్లందరూ ఒకలాగే సన్నగా, పెదవులు కదిలీ కదలకుండా మాట్లాడతారు. ఇంతలో డ్రైవరో, వంటమనిషో, బుర్ర తక్కువ కానిస్టేబులో తలుపు తోసుకుని వస్తాడు. అతని మాట వేరే. లావుగా, సాగదీసి, అచ్చుల్ని నోటి నిండా పెట్టుకుని మాట్లాడతాడు. చిత్రమేమిటంటే, అతను జోకు చెప్పకముందే వెనకాల జనం నవ్వు మొదలయ్యేది. “గుడ్ మార్నింగ్” అన్నా నవ్వే. మా అమ్మాయి అప్పుడు పదకొండో తరగతి. “అమ్మా, వాట్ ఈజ్ ఫన్నీ? అతను జస్ట్ హలో చెప్పాడు కదా?” అంది. దానికి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. ఎంత బాగా అర్థమైందంటే, చేతిలో ఉన్న చిక్కుడుకాయ అలాగే పట్టుకుని కూర్చుండిపోయాను.

ఎందుకంటే మాది శ్రీకాకుళం వైపు. పెళ్లై బెజవాడ అత్తవారింటికి వచ్చిన మూడో రోజు, వంటింట్లోంచి “అన్నం వండీసేనండీ, కూరకేటి తరగాలి?” అన్నాను. ఇల్లంతా ఒక్క క్షణం ఆగి, తర్వాత గొల్లుమంది. చెడ్డవాళ్లు కారు. ప్రేమగానే నవ్వారు. అదే మరీ కష్టం, కోప్పడ్డానికి కూడా వీల్లేదు. ఆ తర్వాత ఎవరింటికి చుట్టాలొచ్చినా మా ఆడపడుచు నన్ను ముందుకు తోసి, “వదినా, ఏదీ, ఒక్కసారి ‘ఏటి’ అనవా, ప్లీజ్!” అనేది. సినిమాకెళ్తే అక్కడా అంతే. మా వైపు మాట మాట్లాడేవాడు కాఫీ ట్రే పట్టుకుని వచ్చి జారిపడ్డానికే వచ్చేవాడు. కలెక్టరు మాట్లాడడు, డాక్టరు మాట్లాడడు. మా ఊళ్లో డాక్టరుగారు అలాగే మాట్లాడి బోలెడుమందిని బతికించారు మరి! ఆర్నెల్లలో నేను నా మాటని గిన్నె తోమినట్టు తోమేశాను. అమెరికా వచ్చేసరికి ప్లేనోలో తెలుగువాళ్లందరూ నన్ను బెజవాడ మనిషనే అనుకునేవారు. నేనూ కాదనలేదు. (అబద్ధం ఆడలేదు, అడగలేదు కాబట్టి చెప్పలేదు. ఈ రెండింటి మధ్య సందు మీ వయసులో చిన్నగా కనిపిస్తుంది. నా వయసొచ్చేసరికి అందులో ఇల్లు కట్టుకోవచ్చు.)

ఇలా ఉండగా ఆ జనవరిలో కొత్త నాటిక మొదలైంది. ఇంగ్లాండులో ఉత్తరాన, పొగగొట్టాల ఊళ్లో, ఒక లావుపాటి వితంతువు లాండ్రీ నడుపుతుంటుంది. ఊరందరి బట్టలూ ఆవిడ దగ్గరికే వస్తాయి కాబట్టి ఊరందరి గుట్టూ ఆవిడకే తెలుసు. లండన్ నుంచి సూటు బూటు అల్లుడొచ్చి లాండ్రీని ‘మోడరన్’ చేస్తానంటాడు. వాడి సన్నటి మాటలన్నీ ఆవిడ విని, ఇస్త్రీపెట్టె ఒకసారి ఆవిరి వదిలినట్టు ఒక్క ముక్క అంటుంది. అంతే, వాడి పని అయిపోతుంది. ఆవిడ మాట్లాడేది డ్రైవర్ల మాట, వంటవాళ్ల మాట. కానీ ఇక్కడ నవ్వు ఆవిడ మీద కాదు, అల్లుడి మీద! కథ మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చున్నది ఆవిడే. మొదటి శనివారం నేను నవ్వలేదు, నోరు తెరుచుకుని చూశాను. రెండో శనివారం కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వాను. మూడో శనివారానికి ఆవిడ నాకు లాండ్రీ అత్తయ్య అయిపోయింది. తాతయ్య సోఫాలోంచి, “ఒక్క ముక్క అర్థమవట్లేదు, నీకేం అర్థమవుతోందే?” అనేవారు. “మీకు సబ్‌టైటిల్స్ కావాలి, నాకక్కర్లేదు” అనేదాన్ని. ఆయనకి అది గర్వంగా వినిపించింది. కొంచెం గర్వమే.

ఆ గర్వంతోనే లైబ్రరీలో కాగితం చూసి ఆ ఛానెల్‌కి వాలంటీరుగా పేరిచ్చాను. ఏడాదికి రెండుసార్లు వాళ్లు చందాల కోసం కార్యక్రమాల మధ్యలో ఆపి అడుగుతారు. వెనకాల రెండు వరసల బల్లలు, బల్లలనిండా ఫోన్లు, ఫోన్ల దగ్గర మాలాంటి వాలంటీర్లు. ముందు నిలబడి ఒకామె “ఇప్పుడే కాల్ చెయ్యండి” అంటుంది. మేం ఫోనెత్తి పేరు, అడ్రసు రాసుకోవాలి. ఇదే నా మొదటి ఉద్యోగం. తాతయ్య నన్ను ట్రైనింగ్‌కి డ్రాప్ చేస్తూ, “ఫోనెత్తి భోంచేశారా అని అడక్కు” అన్నారు. (అడిగాను. ఒక్కసారే. ఆవిడ చాలా సంతోషించింది.)

మా వాలంటీర్ల పెద్ద డెబ్బై ఏళ్ల టెక్సాస్ ఆవిడ. ఎప్పుడూ మెడలో మూడు పేటల ముత్యాలు, గొంతులో బెల్లం పాకం. నేను ముత్యాలమ్మగారు అని పేరు పెట్టుకున్నాను. ట్రైనింగ్ అయ్యాక నేను లాండ్రీ అత్తయ్య గురించి మాట్లాడబోతే ఆవిడ మొహం దిగాలుగా పెట్టింది.

“అయ్యో హనీ, దాన్ని తీసేస్తున్నారు. మేనేజరు నిశ్చయించేశాడు. ఆ ఉత్తరాది మాటలు మనవాళ్లకి అర్థం కావట, బదులుగా ఇంకో టీకప్పుల నాటిక వేస్తాడట.”

“అందరూ టీకప్పులవాళ్లేనా? ఇంకెవరూ లేరా ఆ దేశంలో?”

“నన్నడుగుతావేం. మా ఆయన మిలటరీలో ఉండగా నేను నాలుగేళ్లు అక్కడే ఉన్నాను. అలా మాట్లాడేవాళ్లే ఊళ్లకి ఊళ్లున్నారు.” తర్వాత గొంతు తగ్గించి, “వచ్చే శనివారం ఆ నాటిక టైములో ఎన్ని కాల్స్ వస్తాయో చూస్తానన్నాడు. బోర్డు మీద లెక్కేస్తారు. రాకపోతే అంతే” అంది.

మేనేజరుని చూశాను. బో టై కట్టుకున్న మర్యాదస్థుడు. మర్నాడు మళ్లీ వెళ్లి అడిగాను, నాలుగు వాక్యాలు ఇంట్లోనే ఇంగ్లీషులో కూర్చుకుని మరీ. ఆయన చిరునవ్వుతో, “మేడమ్, చూసేవాళ్లు ఆ లాండ్రీవాళ్లతో తమని పోల్చుకోలేరు” అన్నారు. నేను పోల్చుకున్నాను కదా అనబోయాను. కానీ కూర్చుకున్న నాలుగు వాక్యాల్లో అది లేదు. థాంక్యూ చెప్పి వచ్చేశాను. ఇల్లు చేరేసరికి నిర్ణయం అయిపోయింది. అత్తయ్యని పోనిచ్చేది లేదు.

ఆ ఆదివారం గుంటూరు అక్కయ్య ఇంట్లో లంచ్. ప్లేనోలో మా ఆడవాళ్లకి ఆవిడే పెద్ద దిక్కు. గోంగూర ఎవరింట్లో పండినా వాటా ఆవిడకి వెళ్లాల్సిందే. ఇరవై మంది దాకా పోగయ్యారు. పెరుగన్నాల దగ్గర నేను లేచి నిలబడి సంగతి చెప్పాను. శ్రీకాకుళం సంగతి కాదు, నాటిక సంగతి.

“అది చూడలేదమ్మాయ్ మేం” అంది అక్కయ్య.

“చూడక్కర్లేదు అక్కయ్యా. కాల్ చేస్తే చాలు.”

“కాల్ చేసి ఏం మాట్లాడాలె అక్కా?” అని వరంగల్ చెల్లి కంగారుపడింది. కొత్తగా వచ్చిన పిల్ల. “ఇంగ్లీష్‌ల మాట్లాడుడంటేనే నాకు గుండె దడదడ కొట్టుకుంటది. డబ్బులియ్యమంటే మా ఆయనని అడగాలె.”

ఇదిగో, ఇక్కడ మీ అమ్మమ్మ తెలివి చూడండి. బోర్డు మీద లెక్కేసేది కాల్స్ కదా? ఫోను మోగితే కాల్ వచ్చినట్టే కదా? మా ఊళ్లో బస్సు దిగి ఇంటికి చేరామని చెప్పాలంటే ఏం చేసేవాళ్లం? రెండు రింగులిచ్చి పెట్టేసేవాళ్లం. కబురు చేరేది, ఖర్చు ఉండేది కాదు. తెలుగు దేశమంతా ఇలాగే బతికింది. ప్లేనోలో కూడా అలవాటు పోలేదు, ఒకరింటి నుంచి ఒకరింటికి చేరితే రెండు రింగులే. కాబట్టి నేను చెయ్యి పైకెత్తి, తీర్పు చెప్పినట్టు చెప్పాను:

“మాట్లాడక్కర్లేదు. డబ్బులూ అక్కర్లేదు. ఏడు నుంచి ఏడున్నర లోపు రెండు రింగులిచ్చి పెట్టెయ్యండి. ఎన్నిసార్లు వీలైతే అన్నిసార్లు.”

“ఓస్, మిస్డ్ కాలేగా!” అంది అక్కయ్య. “దానికింత ఉపన్యాసమా? రాసుకోండర్రా నంబరు.” ఇరవై మందీ రాసుకున్నారు. వాళ్ల చెల్లెళ్లకి, తోటికోడళ్లకి, ఆఫీసు స్నేహితురాళ్లకి చెప్తామన్నారు. నాకు ఛాతీ పొంగిపోయింది. ఓటు వేయించినట్టే అనుకున్నాను. మోసం అనే మాట నా తలలోకి రానే లేదు. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు చల్లబడుతుంది.

శనివారం వచ్చింది. ఆకుపచ్చ పట్టు చీర కట్టుకుని రెండో వరసలో కూర్చున్నాను. పక్కన రిటైరైన పోస్ట్‌మాన్ గారు, పెన్సిల్ చెక్కుకుని సిద్ధంగా ఉన్నారు. ఏడింటికి నాటిక మొదలైంది. మొదటి విరామం. ముందు నిలబడ్డ యాంకరమ్మ, “ఈ లాండ్రీ కుటుంబం మీకిష్టమైతే…” అని నోరు తెరిచిందో లేదో, పది ఫోన్లూ ఒక్కసారి గణగణలాడాయి. ఆమె మొహం వెలిగిపోయింది. “చూడండి! ఫోన్లు ఆగడంలేదు!” మేమందరం ఎత్తాం. అందరం పెట్టేశాం. మళ్లీ మోగాయి. మళ్లీ ఎత్తాం, మళ్లీ పెట్టేశాం. కెమెరాలో చూసేవాళ్లకి వెనకాల పదిమంది కలిసి బస్కీలు తీస్తున్నట్టు కనిపించి ఉంటుంది. యాంకరమ్మ ఉత్సాహంగా బోర్డు వైపు తిరిగింది. బోర్డు మీద సున్నా.

అప్పుడు తెలిసింది పిల్లలూ, బోర్డు లెక్కేసేది ఫోను మోత కాదు, మేం రాసి అందించే కాగితాలు. ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. మనవాళ్లు మాటిస్తే తప్పరు. ఇంకా ఘోరం, ఎవరైనా నిజంగా చందా ఇద్దామని చేస్తే లైను దొరకని పరిస్థితి. అంటే అత్తయ్యని కాపాడ్డానికి నేను కట్టిన గోడే ఆవిడ గొంతు నొక్కేస్తోంది. అంతలో పోస్ట్‌మాన్ గారు ఫోను చెవికి ఆనించుకుని, ముఖం చిట్లించి, అందరికీ వినపడేలా అడిగారు:

“ఇక్కడ ‘అక్క’ అని ఎవరైనా ఉన్నారా? ఈమె అక్కతోనే మాట్లాడతానంటోంది.”

వరంగల్ చెల్లి! రెండు రింగుల తర్వాత పెట్టెయ్యమంటే, పాపం చెయ్యి తడబడింది. అవతల ఎవరో ఎత్తేశారు. మర్యాదగల పిల్ల, మొహం మీద పెట్టెయ్యలేకపోయింది. ఫోను తీసుకున్నాను. “అక్కా, ఇది పన్నెండోసారి. ఇంకా చెయ్యాల్నా?” అంది రొప్పుతూ. “వద్దమ్మా తల్లీ, ఇంక వద్దు, అందరికీ చెప్పు, ఆపెయ్యమను!” అన్నాను. తలెత్తేసరికి బో టై ఆయన, ముత్యాలమ్మగారు నా బల్ల ముందు నిలబడి ఉన్నారు. తెర మీద నాటిక మళ్లీ నడుస్తోంది, లాండ్రీ అత్తయ్య అల్లుడి చొక్కా కాలుస్తోంది.

“మేడమ్, మీకేమైనా తెలుసా దీని గురించి?”

బెజవాడ మనిషిలా తప్పించుకోవచ్చు. (తాతయ్యకి ఈ వాక్యం చదివి వినిపించకండి.) కానీ కూర్చుకున్న వాక్యాలేవీ లేవు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. రెండు రింగుల పద్ధతి, మా ఊరు, ఆ నాటిక ఎందుకు ఉండాలో, అన్నీ కలగలిపి. ఆయన కళ్లు మూసుకుని తెరిచారు. “ఇంకో విరామం ఉంది. ఆ పిచ్చి ఫోన్ల తర్వాత జనానికి ఏం చెప్పాలి?” అన్నారు, నాతో కాదు, పైకప్పుతో.

ముత్యాలమ్మగారు నడుం మీద చెయ్యి పెట్టుకుంది. “ఈమెనే చెప్పమను.”

“ఈమెనా?”

“చెడగొట్టింది ఈమే కదా, సరిచేసేది కూడా ఈమే. ఒక్క నిమిషం ఇవ్వు. లేదంటే నీకేం మిగిలింది? సున్నా.”

వద్దంటే వద్దన్నాను. నేను కెమెరా ముందు నిలబడితే, రింగులివ్వడం కోసం టీవీ పెట్టుకుని కూర్చున్న ప్లేనో తెలుగింటి ఆడవాళ్లందరూ చూస్తారు. కావలసింది చెప్పాలంటే మా ఊరు చెప్పాలి. ఊరు చెప్తే రేపటి నుంచి ప్రతి లంచ్‌లోనూ, “ఏదీ, ఒక్కసారి అనవా” మొదలవుతుంది. ఇరవై ఏళ్లు తోమిన గిన్నె ఒక్క నిమిషంలో మాడిపోతుంది. చెప్పకపోతే అత్తయ్య పోతుంది. తెర వైపు చూశాను. ఆవిడ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, అల్లుడి కళ్లల్లోకి చూస్తూ, ఎవరికీ జంకకుండా తన మాటే మాట్లాడుతోంది. “సరే” అన్నాను.

లైట్లు వేడిగా ఉంటాయని ఎవరూ చెప్పలేదు. యాంకరమ్మ నా పేరు చెప్పబోయి, మూడు అక్షరాల దగ్గర ఆగిపోయి, పోస్ట్‌మాన్ గారి పుణ్యమా అని “దిస్ ఈజ్ అక్క” అంది. నేను మొదలుపెట్టాను. ఇంగ్లీషులోనే చెప్పాను, మీకు తెలుగులో చెప్తున్నాను.

“ఇందాక మోగిన ఫోన్లు నా తప్పు. మా స్నేహితులు నామీద ప్రేమతో చేశారు. వాళ్లని ఏమీ అనకండి. నేను ఇండియాలో శ్రీకాకుళం అనే చోటు నుంచి వచ్చాను. మా భాషలో మా వైపువాళ్లు తెర మీదికి తలుపు తియ్యడానికి, ట్రే పడెయ్యడానికి మాత్రమే వస్తారు. నేను ఇరవై ఏళ్లుగా నా మాట దాచుకుని బతుకుతున్నాను. ఈ ఛానెల్‌లో ఒక లాండ్రీ ఆవిడని చూశాను. ఆవిడ ఏదీ దాచుకోలేదు. ఆవిడ మాట అర్థం కాకపోతే ఇంకొంచెం శ్రద్ధగా వినండి. అర్థమవుతుంది. నాకు అర్థమైంది, నేను మీకంటే చాలా దూరం నుంచి వచ్చాను. దయచేసి ఆవిడని పంపించెయ్యకండి.” ఇంకా ఏదో అనాలి. ఏమీ తోచక, అలవాటు కొద్దీ చేతులు జోడించి దణ్ణం పెట్టాను.

ఫోన్లు మోగలేదు. లోపల లెక్కపెట్టుకున్నాను, తొమ్మిది దాకా. పది అనబోతుంటే ఒక ఫోను మోగింది. పోస్ట్‌మాన్ గారు ఎత్తారు, పెట్టెయ్యలేదు. పెన్సిల్ కదిలింది. తర్వాత ఇంకోటి. పరుగెత్తుకుని నా బల్ల దగ్గరికొచ్చి నేనూ ఎత్తాను. అవతల ఒక పెద్దాయన, పశ్చిమ టెక్సాస్‌లో పుట్టి పెరిగాడట, ఒక్కో మాటని తాడులా సాగదీస్తూ అన్నాడు: “అమ్మా, సినిమాల్లో మేం మాట్లాడితే కూడా ఆవుల దగ్గరో, జైల్లోనో ఉంటాం. న్యూయార్క్ ఆఫీసులో మా వాడు నోరు తెరవడానికి భయపడతాడు. నేనా షో ఒక్కసారి కూడా చూడలేదు. రాసుకో నా పేరు.” రాసుకున్నాను, తప్పు పోతుందేమోనని రెండుసార్లు రాసుకున్నాను. తర్వాత ఒకామె, లూసియానా పక్క నుంచి వచ్చిందట. ఆ తర్వాత ఒక ముసలమ్మ, నిజంగా అత్తయ్య ఊళ్ల వైపు నుంచే వచ్చి ముప్పై ఏళ్లుగా మా పక్కనే డెంటన్‌లో ఉంటోందట. ఆమె మాట వింటుంటే లాండ్రీ అత్తయ్యే ఫోన్ చేసినట్టుంది. “నా మాట మనవలకి అర్థం కాదమ్మా, ఆ షో పెట్టి నేర్పుతున్నా” అంది. బోర్డు మీద అంకె కదిలింది. పెద్ద అంకేమీ కాదు. టీకప్పుల నాటిక కంటే నాలుగు తక్కువ. కానీ సున్నా కాదు.

బో టై ఆయన మా కాగితాలన్నీ తనే ఇంకోసారి ఎంచారు. చివరికి, “ఉన్న ఎపిసోడ్లు అయ్యేదాకా వేస్తాం. ఏడింటికి మాత్రం కుదరదు, శనివారం మధ్యాహ్నం రెండింటికి” అన్నారు. ప్లేనోలో శనివారం మధ్యాహ్నం రెండంటే ఇండియన్ షాపులో కొత్తిమీర ఏరుకునే వేళ. ఎవరు చూస్తారు? అయినా నేను బేరమాడలేదు. “ఇంకో మాట” అన్నారాయన. “మీవాళ్లు మళ్లీ రెండు రింగులివ్వరు కదా?” ఇవ్వరని మాటిచ్చాను.

తాతయ్య కారు తీశారు. సగం దారిలో, సిగ్నల్ దగ్గర, స్టీరింగ్ వైపే చూస్తూ, “మా చెల్లెలు నిన్ను అలా నిలబెట్టి అనిపిస్తుంటే నేనూ నవ్వేవాణ్ని కదూ?” అన్నారు. అవునన్నాను. సిగ్నల్ పచ్చబడింది. వెనకాల కారు హారన్ కొట్టేదాకా ఆయన కదల్లేదు.

మర్నాడు ఫోన్ చెయ్యడానికి భయపడి ఎవరికీ చెయ్యలేదు. ఎవరూ చెయ్యలేదు. వారమంతా అలాగే గడిచింది. నా బతుకు ఇంతే అనుకున్నాను. శనివారం ఒంటిగంటన్నరకి తలుపు చప్పుడైంది. తీస్తే గుంటూరు అక్కయ్య, చేతిలో పులిహోర గిన్నె. వెనకాల వరంగల్ చెల్లి, ఇంకో ఏడుగురు.

“తప్పుకో, తప్పుకో. రెండవుతోంది. ఏదీ ఆ లాండ్రీ? దానికోసం నా వేలు వాచిపోయింది, మొహమైనా చూడొద్దూ?” అని లోపలికొచ్చి, నా సోఫాలో కూర్చుని, అప్పుడు మెల్లిగా అంది: “శ్రీకాకుళమని ఒక్క ముక్క చెప్పలేదే నువ్వు.”

“నవ్వుతారని.”

“నవ్వేవాళ్లమే” అంది నిజాయితీగా. వరంగల్ చెల్లి, “నన్నైతే ఇప్పటికీ నవ్వుతరు గద అక్కా” అంది, ఎటో చూస్తూ. ఈలోగా నాటిక మొదలైంది. పదినిమిషాలు గడిచాయి. తొమ్మిది మందీ తెర వైపు చూస్తున్నారు, ఒక్కరికీ ఏమీ అర్థం కావడంలేదు. అక్కయ్య మోకాలితో నన్ను పొడిచింది. “ఏమంటోందే ఆవిడ? చెప్పవేం?”

అప్పుడు నాకేమైందో తెలీదు. గొంతు సవరించుకుని లాండ్రీ అత్తయ్య మాటని తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. “ఏటల్లుడూ, లండన్నించి ఒచ్చీసి నాకు ఇస్త్రీ నేర్పుతావేటి? ముందు నీ చొక్కాకి బొత్తాం పెట్టుకో, తర్వాత షాపుకి బోర్డు పెడుదువు గాని!” అల్లుడి మాటలు బెజవాడ మాటలో చెప్పాను, అచ్చం తాతయ్యలాగా, ముక్కుతో. గది ఒక్క క్షణం ఆగింది. నాకు ఆ క్షణం బాగా తెలుసు. తర్వాత నవ్వారు, పగలబడి, అక్కయ్య పులిహోర గిన్నె ఒళ్లో పెట్టుకుని మరీ. అల్లుడి మీద నవ్వారు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ తాతయ్య అందరికంటే గట్టిగా నవ్వారు.

ఎపిసోడ్లు తొమ్మిది వారాల్లో అయిపోయాయి. ఆ నాటిక మళ్లీ ఎక్కడా కనిపించలేదు. ఇప్పుడు నాకు అరవై దాటాయి. బ్యాంకువాళ్ల ఫోన్ వస్తే తాతయ్య చేతికిచ్చేస్తాను. మీ స్కూల్ ప్రోగ్రామ్‌కి వచ్చి నాలుగు మాటలు చెప్పమంటే మోకాలు నొప్పని తప్పించుకున్నాను. మా అమ్మాయి ఆ రోజు టీవీలోంచి తీసిన టేపొకటి ఉంది. మొన్న షాపులో ఇచ్చి కంప్యూటర్‌లోకి ఎక్కించి పంపింది. చూశాను. ఆకుపచ్చ చీరలో ఒకావిడ, కళ్లు రెండూ లైట్లకి చికిలించుకుని, పైట ఒకవైపు జారిపోతున్నా పట్టించుకోకుండా, కెమెరా కాకుండా ఇంకెక్కడో చూస్తూ, ఊళ్లో అందరితో ఒక్కతే తేల్చుకోవడానికి వచ్చినట్టు నిలబడి ఉంది. ఎంత చిన్నదో! నలభై అంటే ఇంత చిన్న వయసని అప్పుడు తెలీదు. పైట కాస్త సర్దుదామని చెయ్యి చాచాను. వేలికి కంప్యూటర్ గాజు తగిలింది. ఇంట్లో ఎవరూ లేరని చూసుకుని, ఆ మనిషితో, మా వైపు ఆడపిల్లని పిలిచే మాటతో, మెల్లిగా అన్నాను, “బాగా చెప్పీసినావే, గుంటా.”